గెలవడానికే పుట్టినవారు: ఒక కీవ్ క్లబ్బు, ఒక భాష, ఒక యుద్ధం

2022 ఫిబ్రవరి 25. పోలండ్‌లోని కటోవిట్సే నగరం. ఎగిరే పళ్లెం ఆకారంలో కట్టిన స్పోడెక్ క్రీడామందిరం ప్రేక్షకులతో నిండి ఉంది. అంతకు ముందు రోజు తెల్లవారుజామున రష్యా సేనలు ఉక్రెయిన్‌లోకి ప్రవేశించాయి. కీవ్ మీద క్షిపణులు పడుతున్నాయి. ఆ వేళ వేదిక మీద ఇరవై నాలుగేళ్ల యువకుడొకడు మైకు అందుకున్నాడు. అతని పేరు ఒలెక్సాండర్ కోస్టిలియెవ్. లోకం అతన్ని ‘సింపుల్’ అనే ఆటపేరుతోనే ఎరుగును. తన వృత్తి జీవితమంతా ఉక్రెయిన్ వాళ్లతోనూ రష్యా వాళ్లతోనూ కలిసి ఆడాననీ, వాళ్లంతా మంచివాళ్లేననీ, లోకానికి ఇప్పుడు కావలసింది శాంతి అనీ అతను చెప్పాడు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అతని జట్టులో ఆడేవారు ఐదుగురు. అందులో ఇద్దరు ఉక్రెయిన్ పౌరులు, ముగ్గురు రష్యా పౌరులు.

పార్లమెంటు, ఎన్నికలు, ఇరుగుపొరుగు దేశాలతో మన సంబంధాలు తప్ప మరొకటి అరుదుగా కనిపించే ఈ వేదిక మీద కంప్యూటర్ ఆటల క్లబ్బు చరిత్ర ఏమిటని పాఠకులు ఆశ్చర్యపోవచ్చు. నేను ఈ ఆటలు ఆడను. నాకు ఆడటం రాదు కూడా. కానీ జాతీయత, భాష, ప్రైవేటు పెట్టుబడి, రాజ్యశక్తి అనే నాలుగు దారాలు ఒకే ముడిలో పడిన చోటు కోసం వెతికే విలేఖరికి ‘నాటుస్ విన్సెరె’ అనే ఈ కీవ్ సంస్థను మించిన ఉదాహరణ దొరకడం కష్టం. అభిమానులు దాన్ని ముద్దుగా ‘నావి’ అంటారు. లాటిన్ భాషలో ఆ పూర్తి పేరుకు అర్థం ‘గెలవడానికే పుట్టినవారు’. పదిహేనేళ్ల పైచిలుకు చరిత్రలో ఆ క్లబ్బు గెలిచినవి చాలా ఉన్నాయి. పోగొట్టుకున్నదేమిటన్నది మాత్రం 2022 తర్వాతే తెలిసింది.

కంప్యూటర్ క్లబ్బుల తరం

సోవియట్ యూనియన్ 1991లో కూలిపోయింది. కర్మాగారాలు మూతపడ్డాయి, జీతాలు ఆగిపోయాయి. ఆ శిథిలాల మధ్య పెరిగిన పిల్లలకు ఇంట్లో సొంత కంప్యూటరు ఉండటం అరుదు. గంటకింత అని చెల్లించి ఆడుకునే కంప్యూటర్ క్లబ్బులు నేలమాళిగల్లో వెలిశాయి. మన అమీర్‌పేట, బెంజ్ సర్కిల్ ప్రాంతాల ఇంటర్నెట్ సెంటర్లలో సాయంత్రాలు గడిపిన నలభై ఏళ్ల పాఠకులకు ఆ వాతావరణాన్ని వర్ణించి చెప్పనక్కర లేదు. కర్టెన్లు కట్టిన గదులు, వైర్లతో కలిపిన యంత్రాలు, కౌంటర్-స్ట్రైక్ అనే కాల్పుల ఆట. ఐదుగురు ఒకవైపు, ఐదుగురు ఇంకోవైపు. ఒక పక్షం బాంబు పెట్టాలి, ఇంకో పక్షం ఆపాలి. మన దగ్గర ఆ సరదా ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌తో ముగిసింది. ఖార్కివ్‌లో, కీవ్‌లో కొందరికి అదే బతుకుదెరువుగా మారింది.

2009 డిసెంబరు 17న ఈ క్లబ్బు పుట్టింది. పెట్టుబడి కజకిస్థాన్ నుంచి వచ్చింది. ‘అర్బలెట్’ అనే మారుపేరుతో పేరుపొందిన ఒక సంపన్న అభిమాని ఐదుగురు ఉక్రెయిన్ ఆటగాళ్లను చేరదీసి డబ్బు పెట్టాడు. ఖార్కివ్‌కు చెందిన డానిలో టెస్లెంకో, అనగా ‘జ్యూస్’, జట్టుకు నాయకుడు. ఆ వారంలోనే విడుదలైన ‘అవతార్’ చిత్రంలోని నీలిరంగు మనుషుల పేరూ ‘నావి’ కావడం ఒక చిత్రమైన సంయోగం. ఉక్రెయిన్ క్రీడాకారులు, కజక్ ధనం, రష్యన్ సంభాషణ, లాటిన్ పేరు: పుట్టుకలోనే ఈ క్లబ్బు ఏ ఒక్క దేశానికీ పూర్తిగా చెందలేదు.

2010 ఫిబ్రవరిలో విక్టర్ యనుకోవిచ్ ఉక్రెయిన్ అధ్యక్షుడిగా ఎన్నికయ్యాడు. రష్యా వైపు మొగ్గు, యూరప్ వైపు చూపు అనే పాత సందిగ్ధంలో దేశం మళ్లీ పడింది. ఆ మరుసటి నెలలోనే ఈ ఐదుగురు జర్మనీలోని హనోవర్‌లో ప్రపంచ స్థాయి టోర్నమెంటు గెలిచారు. అదే ఏడాది పారిస్‌లో ఈ-స్పోర్ట్స్ వరల్డ్ కప్, లాస్ ఏంజెలెస్‌లో వరల్డ్ సైబర్ గేమ్స్ కూడా వారివే అయ్యాయి. ఒకే క్యాలెండరు సంవత్సరంలో ఆ మూడు ప్రధాన టైటిళ్లు గెలిచిన మొదటి కౌంటర్-స్ట్రైక్ జట్టు అది. అంతవరకు స్వీడన్, పోలండ్, దక్షిణ కొరియాలు ఏలిన రంగంలో ఉక్రెయిన్ జెండా ఎగిరింది. రాజకీయ నాయకులు ఇవ్వలేని ఒక ఆత్మవిశ్వాసాన్ని ఆ తరానికి ఈ పిల్లలు ఇచ్చారంటే అది అతిశయోక్తి కాదు.

పది లక్షల డాలర్ల ఆగస్టు

ఒకే ఆటను నమ్ముకున్న క్లబ్బు ఆ ఆటతోనే చస్తుంది. ఈ రంగపు మొదటి ఆర్థిక సూత్రం అదే. క్రికెట్టుకు యజమాని లేడు. ఎవరైనా బ్యాటు కొనుక్కుని ఆడవచ్చు. కంప్యూటర్ ఆటకు మాత్రం యజమాని ఉంటాడు. నియమాలు మార్చేది అతనే, టోర్నమెంటుకు అనుమతి ఇచ్చేది అతనే, ఆట మూసేసేది కూడా అతనే. అందువల్ల తెలివైన క్లబ్బులు నాలుగైదు ఆటల్లో జట్లు పెట్టుకుని నష్టభయాన్ని పంచుకున్నాయి. నావి కూడా 2010 చివర్లో డోటా అనే వ్యూహక్రీడలోకి ప్రవేశించింది. ఆ తర్వాత వరల్డ్ ఆఫ్ ట్యాంక్స్ లాంటి ఆటలకూ విస్తరించి, 2014లో వార్సాలో ఆ ఆట ప్రపంచ ఫైనల్స్ గెలిచింది. అలెగ్జాండర్ కొఖనోవ్‌స్కీ అనే నిర్వాహకుడి చేతిలో అది ఒక జట్టు స్థాయి దాటి సంస్థగా మారింది.

2011 ఆగస్టులో అమెరికన్ కంపెనీ వాల్వ్ తన కొత్త ఆట డోటా 2 ప్రచారం కోసం జర్మనీలోని కొలోన్‌లో ‘ది ఇంటర్నేషనల్’ పేరుతో టోర్నమెంటు పెట్టింది. పదహారు జట్లు, మొత్తం 16 లక్షల డాలర్ల ప్రైజ్ మనీ, అందులో విజేతకు 10 లక్షలు. ఆ రోజుల్లో ఈ రంగంలో అది ఎవరూ ఊహించని మొత్తం. ఫైనల్లో నావి చైనా జట్టు ఈహోమ్‌ను 3-1 తేడాతో ఓడించింది. ల్వివ్ నగరం నుంచి వచ్చిన డానిల్ ఇషుటిన్, అంటే ‘డెండి’, ఆ రాత్రితో ప్రపంచ ప్రసిద్ధుడయ్యాడు. తండ్రిని క్యాన్సర్‌కు పోగొట్టుకున్న ఆ కుర్రవాడి కథను 2014లో వాల్వ్ తీసిన ‘ఫ్రీ టు ప్లే’ డాక్యుమెంటరీ లక్షలాది మందికి చేర్చింది. ఆ తర్వాతి రెండేళ్లూ నావి ఫైనల్ చేరి ఓడింది: 2012లో చైనా జట్టు చేతిలో, 2013లో స్వీడన్ జట్టు చేతిలో ఐదో ఆట దాకా పోరాడి.

కొలోన్‌లో గెలిచిన ఐదుగురిలో ఉక్రెయిన్ వాళ్లతో పాటు ఒక ఎస్టోనియా పౌరుడు, ఒక రష్యా పౌరుడు ఉన్నారు. అప్పట్లో దాన్ని ఎవరూ విశేషంగా గమనించలేదు. వాళ్లందరినీ కలిపినది రష్యన్ భాష. ఇక్కడే ఈ క్లబ్బు చరిత్రలోని అసలు రాజకీయ సూక్ష్మం ఉంది. సామ్రాజ్యం పోయినా సామ్రాజ్యపు భాష మిగిలింది. ఆ భాష ఒక మార్కెట్టును తయారు చేసింది. తాలిన్ నుంచి అల్మాటి దాకా ఉన్న కుర్రాళ్లు ఒకే సర్వర్లలో ఒకే భాషలో ఒకరినొకరు తిట్టుకుంటూ, నేర్చుకుంటూ పెరిగారు. ఈ-స్పోర్ట్స్ పటంలో ఆ ప్రాంతానికి పెట్టిన పేరు ‘సీఐఎస్’, అనగా స్వతంత్ర రాజ్యాల కామన్వెల్త్. సోవియట్ యూనియన్ తర్వాత ఏర్పడిన ఆ కూటమి రాజకీయంగా ఏనాడో నిర్జీవమైంది. 2018లో ఉక్రెయిన్ తన ప్రతినిధులను వెనక్కి పిలిపించుకుంది. కానీ ఆటల పటంలో మాత్రం ఆ పేరు 2022 దాకా బతికింది.

క్రిమియా తర్వాత కూడా

2014లో మైదాన్ ఉద్యమం యనుకోవిచ్‌ను తరిమింది. రష్యా క్రిమియాను కలిపేసుకుంది. దొన్‌బాస్‌లో కాల్పులు మొదలయ్యాయి. అప్పుడే ఈ ఉమ్మడి మార్కెట్టు తెగిపోయి ఉండాలి. తెగలేదు. రష్యా ఆటగాళ్లు కీవ్ క్లబ్బులో చేరుతూనే ఉన్నారు, ఉక్రెయిన్ ఆటగాళ్లు మాస్కో క్లబ్బులకు ఆడుతూనే ఉన్నారు. 2017 ఏప్రిల్‌లో, తూర్పున యుద్ధం సాగుతుండగానే, కీవ్‌లోని ఉక్రెయినా ప్యాలెస్‌లో డోటా ప్రపంచ స్థాయి టోర్నమెంటు జరిగింది.

డబ్బు కూడా సరిహద్దు దాటుతూనే ఉంది. రష్యన్ కుబేరుడు అలిషెర్ ఉస్మానోవ్ సంస్థలు 2015లో ఈ రంగంలో 10 కోట్ల డాలర్ల పెట్టుబడి ప్రకటించాయి. దాని నుంచి ఈఎస్‌ఫోర్స్ అనే మాస్కో హోల్డింగ్ కంపెనీ ఎదిగింది. 2018లో మెయిల్.రూ గ్రూపు దాన్ని కొనుగోలు చేసింది. కీవ్ క్లబ్బుకు ఆ మాస్కో కంపెనీతో వాణిజ్య ఒప్పందం ఉండేది. నైతికంగా అది తప్పా ఒప్పా అని ఇవాళ తీర్పు చెప్పడం తేలిక. గాల్వన్ ఘటన దాకా చైనా పెట్టుబడులతో నడిచిన మన అంకుర సంస్థల్ని గుర్తు చేసుకుంటే ఆ తేలికతనం కొంత తగ్గుతుంది. యుద్ధం ప్రకటితం కానంత కాలం వ్యాపారం కళ్లు మూసుకునే ఉంటుంది.

ఆటలో మాత్రం ఆ సంవత్సరాలు నావికి కిరీటం లేని సంవత్సరాలు. కౌంటర్-స్ట్రైక్‌లో అత్యున్నత టోర్నమెంట్లను ‘మేజర్’ అంటారు. 2015లో క్లుజ్‌లో, 2016లో కొలంబస్‌లో, 2018లో లండన్‌లో ఫైనల్ చేరి మూడుసార్లూ ఓడింది. 2016లో సింపుల్‌ను తెచ్చుకోవడం కోసం వ్యవస్థాపక నాయకుడు జ్యూస్‌ను పక్కన పెట్టారు. ఆ జ్యూస్ మరుసటి ఏడాది గాంబిట్ అనే జట్టుకు నాయకత్వం వహించి, క్రాకోవ్‌లో మేజర్ గెలిచాడు. ఆ వెంటనే నావి అతన్ని తిరిగి పిలిచింది. తీసేసినవాడే గెలిచి తిరిగిరావడం రాజకీయాల్లో మనకు కొత్త కాదు. 2019లో అతను గౌరవంగా విరమించాడు, కానీ సొంత క్లబ్బుకు మేజర్ మాత్రం అందించలేకపోయాడు.

అది 2021లో అందింది. ఆ శరత్కాలాన్ని వరుసక్రమంలో చూడాలి. అక్టోబరు 17న బుఖారెస్ట్‌లో జరిగిన ‘ది ఇంటర్నేషనల్’లో రష్యన్ క్లబ్బు టీమ్ స్పిరిట్ గెలిచింది. మొత్తం ప్రైజ్ మనీ 4 కోట్ల డాలర్లు. ఆ రష్యన్ జట్టులో ఇద్దరు ఉక్రెయిన్ పౌరులున్నారు. వ్లాదిమిర్ పుతిన్ స్వయంగా అభినందన సందేశం పంపాడు. సరిగ్గా మూడు వారాల తర్వాత, నవంబరు 7న, స్టాక్‌హోమ్‌లో ఉక్రెయిన్ క్లబ్బు నావి మేజర్ గెలిచింది. టోర్నమెంటు మొత్తంలో ఒక్క మ్యాపు కూడా ఓడకుండా మేజర్ గెలిచిన మొదటి జట్టు అది. 27 లక్షల మందికి పైగా ఏకకాలంలో ఆ ఫైనల్ చూశారు. ఆ ఉక్రెయిన్ జట్టులో ముగ్గురు రష్యా పౌరులు: డెనిస్ షరిపోవ్, ఇల్యా జలుట్‌స్కీ, కెప్టెన్ కిరిల్ మిఖైలోవ్. అప్పటికే సరిహద్దుల్లో రష్యా సేనలు గుమిగూడుతున్నాయి. ఇంకో మూడున్నర నెలలే మిగిలి ఉన్నాయి.

ఫిబ్రవరి తర్వాత

యుద్ధం మొదలైనప్పుడు జట్టు పోలండ్‌లో ఉంది. 18 నుంచి 60 ఏళ్ల పురుషులు దేశం విడిచి వెళ్లరాదని ఉక్రెయిన్ ప్రభుత్వం ఆదేశించింది. బయట ఉన్నవారు బయటే, లోపల ఉన్నవారు లోపలే. కుటుంబాలు కీవ్‌లో ఉండగా ఆటగాళ్లు వేదికల మీద ఉన్నారు. స్పోడెక్‌లో సింపుల్ మాట్లాడిన మాటల విలువ ఆ పరిస్థితిలో చూడాలి. అతను తన సహచరులను వెలివేయలేదు. రెండు దేశాల్లోనూ అది అందరికీ నచ్చే మాట కాదు.

వ్యక్తి అనగలిగిన మాట సంస్థ అనలేకపోయింది. కొద్ది రోజుల్లోనే నావి యాజమాన్యం ఈఎస్‌ఫోర్స్‌తో సంబంధాలు తెంచుకుంది. మార్చి మొదటి వారంలో టోర్నమెంటు నిర్వాహక సంస్థ ఈఎస్‌ఎల్, రష్యా ప్రభుత్వంతో సంబంధాలున్నాయని భావించిన క్లబ్బులను తన లీగ్ నుంచి పక్కన పెట్టింది. వర్తుస్.ప్రో అనే ప్రసిద్ధ రష్యన్ జట్టు ఆటగాళ్లు తమ క్లబ్బు పేరు, జెండా లేకుండా ‘అవుట్‌సైడర్స్’, అనగా బయటివాళ్లు, అన్న పేరుతో ఆడారు. అదే ఏడాది నవంబరులో ఆ బయటివాళ్లే రియో డి జనీరోలో మేజర్ గెలిచారు. మరో రష్యన్ క్లబ్బు గాంబిట్ తన జట్టును ఏప్రిల్‌లో అమెరికన్ క్లబ్బు క్లౌడ్9కు అమ్మేసింది. టీమ్ స్పిరిట్ తన కేంద్రాన్ని సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్‌కు తరలించింది.

మే నెలలో ఆంట్వెర్ప్‌లో నావి మళ్లీ మేజర్ ఫైనల్ చేరి ఓడింది. అది ఆ ఐదుగురి చివరి టోర్నమెంటు. వారం తిరగకుండానే కెప్టెన్ మిఖైలోవ్‌ను తొలగించారు. క్లబ్బు చెప్పిన కారణం ఆటతీరు కాదు. సంస్థ ప్రతిష్ఠకు ముప్పు. ఏడు నెలల క్రితం కప్పు ఎత్తిన చేతులు. ఇందులో దుర్మార్గుడు ఎవరని వెతకడం వృథా. బాంబులు పడుతున్న నగరం పేరు మోసే క్లబ్బుకు, దాని స్పాన్సర్లకు, దాని అభిమానులకు రష్యన్ కెప్టెన్ ఒక మోయలేని ప్రశ్న అయ్యాడు. ఆ ప్రశ్నను మిఖైలోవ్ వేయలేదు. జవాబు మాత్రం అతనే చెల్లించాడు.

మిగిలిన ఇద్దరు రష్యా ఆటగాళ్లు మరో ఏడాది కొనసాగారు. షరిపోవ్ కెప్టెన్ అయ్యాడు కూడా. 2023 వేసవిలో వారూ వెళ్లిపోయి క్లౌడ్9లో చేరారు. అదే ఏడాది చివర్లో మిఖైలోవ్ కూడా అక్కడికే వచ్చాడు. కీవ్ క్లబ్బులో కలిసి గెలిచిన ముగ్గురు రష్యన్లు ఒక అమెరికన్ క్లబ్బు జెర్సీలో తిరిగి కలుసుకున్నారు. ఆటల పటం మీద ‘సీఐఎస్’ అన్న పేరు చెరిగి ‘తూర్పు యూరప్’ వచ్చింది.

భాష మారిన గది

2023లో నావి కౌంటర్-స్ట్రైక్ జట్టు తన సంభాషణ భాషను ఇంగ్లీషుకు మార్చింది. ఫిన్లాండ్ నుంచి అలెక్సీ విరోలైనెన్, రుమేనియా నుంచి మిహై ఇవాన్, లిథువేనియా నుంచి యుస్టినాస్ లెకావిచియుస్ వచ్చారు. ఆ ఏప్రిల్‌లోనే ఫిన్లాండ్ నాటోలో చేరింది. తక్కిన రెండు దేశాలూ ముందే సభ్యులు. ఇది పథకం ప్రకారం జరిగిందని అనడం హాస్యాస్పదం. కోచ్‌కు కావలసింది మంచి ఆటగాళ్లు, అంతే. కానీ ఒక మార్కెట్టు మూసుకుపోతే మరో మార్కెట్టు తెరుచుకుంటుంది. ఏది మూసుకుంది, ఏది తెరుచుకుంది అన్నది మాత్రం జనరల్స్, దౌత్యవేత్తలు నిర్ణయించారు. దేశం ఏ దిక్కుకు తిరిగిందో, ఆ దేశపు క్లబ్బు గదిలోని హెడ్‌సెట్లూ అదే దిక్కుకు తిరిగాయి.

కౌంటర్-స్ట్రైక్‌లో సెకనులో వందో వంతు తేడాతో చావుబతుకులు తేలతాయి. ఆ వేగంలో అలవాటైన భాష వదిలి వేరే భాషలో ఆలోచించడం మామూలు సంగతి కాదు. తెలుగు మాధ్యమంలో చదివి హైదరాబాదులోనో ఢిల్లీలోనో మొదటి ఉద్యోగంలో చేరిన నా తరం విలేఖరులకు ఆ తడబాటు తెలుసు. నావి మొదటి నెలల్లో తడబడింది. ఆ శరత్కాలంలో సింపుల్ విరామం తీసుకున్నాడు. అతని స్థానంలో ఇహోర్ జ్దనోవ్ అనే ఉక్రెయిన్ కుర్రవాడు వచ్చాడు. ఆ క్లబ్బు కథ ముగిసిందనుకున్నవారు చాలామంది.

2024 మార్చి 31న కోపెన్‌హేగెన్‌లో నావి మళ్లీ మేజర్ గెలిచింది. కౌంటర్-స్ట్రైక్ 2 అనే కొత్త రూపానికి అదే మొదటి మేజర్. స్టాక్‌హోమ్‌లో ఆడిన ఐదుగురిలో ఇక్కడ మిగిలినది ఒక్క వలేరీ వఖోవ్‌స్కీ. కోచ్ అండ్రీ హొరొడెన్‌స్కీ మాత్రం అతనే. రెండు కప్పుల మీదా క్లబ్బు పేరు ఒకటే. ఆ పేరు వెనుక ఉన్న ప్రపంచాలు మాత్రం రెండు.

ఈ కథను ఉక్రెయిన్ విజయగాథగా ముగించాలని అనిపిస్తుంది. కానీ రెండు వాస్తవాలు అడ్డు వస్తాయి. మొదటిది: బెల్‌గ్రేడ్‌కు మారిన టీమ్ స్పిరిట్‌లో ఆ ఇద్దరు ఉక్రెయిన్ ఆటగాళ్లు యుద్ధం తర్వాత కూడా రష్యా సహచరులతోనే ఆడారు. 2023 అక్టోబరులో సియాటిల్‌లో ‘ది ఇంటర్నేషనల్’ను రెండోసారి గెలిచారు. కలిసి ఉండటం అసాధ్యమైతే కాదన్నమాట. దానికి సొంత ఊరు వదులుకోవలసి వచ్చింది. రెండోది: రష్యా ప్రభుత్వ సంబంధాల పేరిట క్లబ్బులను పక్కన పెట్టిన ఈఎస్‌ఎల్ సంస్థను, అంతకు కొద్ది వారాల ముందే, 2022 జనవరిలో, సౌదీ ప్రభుత్వ నిధికి చెందిన కంపెనీ కొనుగోలుకు ఒప్పుకుంది. మరో వేదిక ఫేసిట్‌తో కలిపి ధర 150 కోట్ల డాలర్లు. 2024 వేసవిలో రియాద్‌లో జరిగిన ఈ-స్పోర్ట్స్ వరల్డ్ కప్‌లో కౌంటర్-స్ట్రైక్ విజేత నావియే. ఒక రాజ్యపు డబ్బు మకిలి, ఇంకో రాజ్యపు డబ్బు అభివృద్ధి అనే తర్కం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పగలిగినవారు ఆ రంగంలో ఎవరూ లేరు. మన రంగంలో మాత్రం ఉన్నారా?

మన పెరటి సంగతి

దూరపు యుద్ధం గురించి తీర్పులు చెప్పడం మనకు అలవాటు. అందుకే కాస్త దగ్గరికి వద్దాం. 2008లో మొదటి ఐపీఎల్ జరిగినప్పుడు హైదరాబాదు జట్టు డెక్కన్ ఛార్జర్స్ తరఫున షాహిద్ అఫ్రిది ఆడాడు. ఉప్పల్ స్టేడియంలో అతని సిక్సర్ల కోసం అరిచినవారు ఈ వ్యాసం చదువుతున్నవారిలోనూ ఉండవచ్చు. ఆ సీజనులో అత్యధికంగా 22 వికెట్లు తీసి, విజేత రాజస్థాన్ రాయల్స్ తరఫున ఆడినవాడు పాకిస్థానీ బౌలర్ సొహైల్ తన్వీర్. ఆ నవంబరులో ముంబయి మీద దాడి జరిగింది. తర్వాతి సీజనులో వారెవరూ లేరు. 2010 జనవరి వేలంలో పదకొండు మంది పాకిస్థానీ క్రికెటర్ల పేర్లు చదివారు. ఒక్క ఫ్రాంచైజీ కూడా చేయెత్తలేదు. నిషేధమని ఎవరూ రాతపూర్వకంగా చెప్పలేదు. అజర్ మహమూద్ మాత్రం కొన్నేళ్ల తర్వాత ఆడాడు, బ్రిటన్ పౌరసత్వంతో. బయటివాళ్లు అన్న పేరుతో కాదు, వేరే దేశపు పాస్‌పోర్టుతో.

నావి విషయంలోనూ, మన విషయంలోనూ ఒక సామ్యం ఉంది: దోషం రాజ్యాలది లేదా హంతక ముఠాలది, చెల్లింపు ఆటగాళ్లది. ఒక తేడా కూడా ఉంది. అక్కడ క్లబ్బు తన నిర్ణయాన్ని ప్రకటించి, దానికి కారణం చెప్పింది; ఆ కారణం మనకు నచ్చకపోవచ్చు, కానీ విమర్శించడానికి ఒక వాక్యం దొరికింది. ఇక్కడ మౌనమే నిర్ణయం. మౌనాన్ని ఎవరు విమర్శిస్తారు?

కంప్యూటర్ ఆటల విషయంలో మన రాజ్యం మౌనంగా లేదు. 2020 జూన్‌లో గాల్వన్ లోయలో 20 మంది మన సైనికులు అమరులయ్యారు. సెప్టెంబరు 2న ఐటీ చట్టం 69ఏ సెక్షన్ కింద 118 యాప్‌లను నిషేధించారు. వాటిలో పబ్‌జీ మొబైల్ ఒకటి. ఆ ఆటను నమ్ముకుని చదువులు, ఉద్యోగాలు వదిలిన కుర్రాళ్ల క్రీడ ఒక సాయంత్రపు ప్రకటనతో అదృశ్యమైంది. 2021లో అది బీజీఎంఐ పేరుతో తిరిగి వచ్చింది, 2022 జులైలో మళ్లీ మాయమైంది, 2023లో మళ్లీ వచ్చింది. జాతీయ భద్రత దృష్ట్యా ఆ ఆదేశం సరైనదే కావచ్చు. దాని వల్ల రోడ్డున పడిన ఆటగాళ్ల మాట మాత్రం ఆ ప్రకటనలో లేదు.

2022 డిసెంబరులో కేంద్రం ఈ-స్పోర్ట్స్‌ను క్రీడా మంత్రిత్వ శాఖ పరిధిలోకి తెచ్చింది. 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో వాటికి తొలిసారి పతకాలిచ్చారు. 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పందెపు ఆటలను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను వేరుగా గుర్తించింది. పందేల వల్ల ఇళ్లు కూలిన తెలుగు రాష్ట్రాలకు ఆ విభజన అవసరం ఏమిటో తెలుసు. కానీ గుర్తింపు అంటే పతకం వచ్చినప్పుడు ఫొటో దిగడం ఒక్కటే కాదు. ఆటకు విదేశీ యజమాని ఉన్నప్పుడు, ఆ విదేశంతో మనకు తగువు వచ్చినప్పుడు, ఆటగాడి ఒప్పందం ఏమవుతుంది, బకాయి జీతం ఎవరిస్తారు, అతని మాట ఎవరు వింటారు అన్న ప్రశ్నలకు జవాబు ఉండటమే గుర్తింపు. యుద్ధంలో ఉన్న ఉక్రెయిన్‌కే ఆ జవాబు పూర్తిగా దొరకలేదు. శాంతికాలంలో ఉన్న మనకు వెతికే తీరిక ఉంది.

నాటుస్ విన్సెరె ఇవాళ బతికే ఉంది. వాలరంట్ లాంటి కొత్త ఆటల్లోకి విస్తరించింది. మహిళల జట్టుకు జావెలిన్స్ అని పేరు పెట్టుకుంది. ఈ యుద్ధంలో రష్యా ట్యాంకులను ఆపిన క్షిపణి పేరు అదేనని గుర్తు రాకుండా ఆ పేరు పలకడం కష్టం. 2009లో లాటిన్ పేరుతో, ఏ దేశానికీ చెందకుండా పుట్టిన క్లబ్బు చివరికి ఒక దేశానికే చెందింది. అది దాని తప్పు కాదు, దాని ఘనతా కాదు. ఎంచుకోక తప్పని రోజు వచ్చింది, ఎంచుకుంది.

స్పోడెక్‌లో ఆ సాయంత్రం సింపుల్ మాట్లాడినప్పుడు రష్యా సహచరులు ముగ్గురూ అదే జట్టులో ఉన్నారు. మూడు నెలల్లో వారిలో ఒకరు, పదహారు నెలల్లో తక్కిన ఇద్దరు వెళ్లిపోయారు. అతను అన్న మాటలు తప్పని ఈ చరిత్ర నిరూపించలేదు. అవి నిలబడటానికి కావలసిన నేల రాజ్యాలు మిగల్చలేదని మాత్రమే నిరూపించింది. అఫ్రిది ఆడిన ఉప్పల్ మైదానం ఇప్పటికీ అక్కడే ఉంది. తర్వాతి మ్యాచ్‌కు వెళ్లే పాఠకులు, వీలైతే, ఆ సంగతి ఒకసారి తలచుకోవాలని కోరుతున్నాను.